లోగో మీదే, మరి ఫైలు ఎవరి దగ్గరుంది?

మిర్యాలగూడ చుట్టుపక్కల రైస్ మిల్లుల వాళ్లు సొంత బ్రాండు పెట్టుకోవాలనుకుంటే మొదట చేయించేది లోగో. ఒక వరి కంకి, పెద్దక్షరాల్లో పేరు, కింద ‘సన్న బియ్యం’ అని ఒక వరుస. డిజైనర్ దాన్ని వాట్సాప్‌లో పంపిస్తాడు. ఓనర్ చూసి బాగుందంటాడు, డబ్బులిస్తాడు. పని అయిపోయిందని ఇద్దరూ అనుకుంటారు. కొన్ని నెలలకు సంచులు వేయించాల్సి వచ్చినప్పుడు అసలు సంగతి బయటపడుతుంది. సంచులు ప్రింట్ చేసేవాళ్లు ‘ఓపెన్ ఫైలు పంపండి’ అంటారు, అంటే డిజైన్‌లోని ఒక్కో ఆకారాన్నీ అక్షరాన్నీ విడిగా మార్చడానికి వీలున్న అసలు ఫైలు. ఓనర్ దగ్గర ఆ వాట్సాప్ బొమ్మ తప్ప ఇంకేమీ ఉండదు. డిజైనర్ ఈలోగా ఫోన్ నంబర్ మార్చి ఉంటాడు, లేదా షాపు ఎత్తేసి హైదరాబాద్ వెళ్లిపోయి ఉంటాడు, లేదా హార్డ్ డిస్క్ పోయిందంటాడు. చేసేది లేక అదే లోగోను ఇంకొకరితో గీయించి మళ్లీ డబ్బు కట్టాలి. కొత్తగా గీసిన కంకి పాత కంకిలా ఉండదు. షాపు బోర్డు మీద ఒకటి, సంచి మీద ఒకటి, బిల్లు బుక్కు మీద ఇంకొకటి.

నల్లగొండలో డీటీపీ, ఫ్లెక్సీ డిజైనింగ్ నా బతుకుదెరువు. ఈ తంతు నా కళ్ల ముందు జరుగుతూనే ఉంటుంది. అందుకే సూటిగా చెప్తున్నాను: డబ్బులిచ్చి చేయించుకున్న లోగోకు ఓపెన్ ఫైలు తీసుకోవడం కస్టమర్ హక్కు. అడగకపోయినా చేతిలో పెట్టడం డిజైనర్ ధర్మం. జేపెగ్, పీఎన్‌జీ, సీడీఆర్, పీడీఎఫ్ అన్న ఫైళ్ల రకాల పేర్లు మా షాపుల గోడల మధ్య ఉండిపోవడం వల్ల నష్టపోతున్నది మేం కాదు. కిరాణా కొట్టు పెట్టుకున్నవాళ్లు, పచ్చళ్లు అమ్ముకునే మహిళా సంఘాలు, చిన్న బడులు నడిపేవాళ్లు. వాళ్లకు అర్థమయ్యేలా ఈ పేర్ల వెనక ఉన్నదేమిటో చెప్పడమే నా ప్రయత్నం.

పోచంపల్లి, పుట్టపాక వైపు వాళ్లకు సగం విషయం నేను చెప్పకుండానే తెలుసు. ఇక్కత్ చీర నేయాలంటే ముందు డిజైన్‌ను గ్రాఫ్ కాగితం మీద గీస్తారు. ఏ గడికి ఏ రంగో లెక్క ప్రకారం నింపుతారు. ఆ లెక్కతోనే నూలుకు చిటికి కట్టి రంగు అద్దుతారు. ఆ డిజైన్ ఎన్ని గడుల్లో గీశారో అంతే. ఏనుగు బొమ్మను రెండింతలు పెద్దది చేయమంటే గడుల సైజు పెంచితే కుదరదు, అంచులు మెట్లు మెట్లుగా కనబడతాయి. గ్రాఫ్ మళ్లీ గీయాలి. ఫోన్‌లో తీసిన ప్రతి ఫోటో, వాట్సాప్‌లో వచ్చిన ప్రతి బొమ్మ ఇలాంటి గళ్ల కాగితమే. ఆ గడి పేరు పిక్సెల్. జేపెగ్, పీఎన్‌జీ, జిఫ్, టిఫ్ అన్నీ ఈ జాతివే. వీటిని రాస్టర్ ఫైళ్లంటారు.

రెండో జాతి వెక్టర్. ఇందులో గడులు ఉండవు. ఈ బిందువు నుంచి ఆ బిందువుకు ఇంత వంపుతో గీత, లోపల ఫలానా రంగు అని లెక్కగా రాసి ఉంటుంది. తెరిచిన ప్రతిసారీ కంప్యూటర్ ఆ లెక్కను బట్టి బొమ్మను కొత్తగా గీస్తుంది. విజిటింగ్ కార్డు మీద అర అంగుళం ఉన్న కంకిని మిల్లు గోడ మీద ఇరవై అడుగులకు పెంచినా అంచు కత్తిలా ఉంటుంది. కోరెల్‌డ్రా అనే డిజైనింగ్ సాఫ్ట్‌వేర్‌లో చేసిన సీడీఆర్, అలాంటిదే అయిన ఇలస్ట్రేటర్‌లో చేసిన ఏఐ, పాత ఈపీఎస్, 2001లో వెబ్ ప్రమాణంగా వచ్చిన ఎస్‌వీజీ ఈ జాతి ఫైళ్లు. లోగో అన్నది పుట్టాల్సింది ఇందులోనే. ఫోటోషాప్‌లో లోగో చేసి ఇచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఫోటో దిద్దడానికి దాన్ని మించింది లేదు. లోగోకు మాత్రం అది చోటు కాదు.

బియ్యం సంచి దగ్గరికి మళ్లీ వస్తాను, ఎందుకంటే ఓపెన్ ఫైలు ఎందుకు అడుగుతారో అక్కడే బాగా అర్థమవుతుంది. సంచి మీద ప్రింటింగ్ ఇంట్లో ప్రింటర్‌లా జరగదు. మూడు రంగుల డిజైన్ అయితే మూడు అచ్చులు చేస్తారు. ఆకుపచ్చకొకటి, ఎరుపుకొకటి, పసుపుకొకటి. అంటే ఫైలులోంచి ఆకుపచ్చ భాగాన్ని మాత్రమే విడిగా తీయగలగాలి. వెక్టర్ ఫైలులో అది క్షణాల పని, ఎందుకంటే ప్రతి ఆకారమూ విడిగా ఉంటుంది, దాని రంగు దానికి ఉంటుంది. అదే జేపెగ్‌లో అయితే కంటికి ఒక్క ఆకుపచ్చలా కనబడే చోట వందల రకాల ఆకుపచ్చలు ఉంటాయి. కంకి, దాని వెనక పసుపు, రెండూ అంచు దగ్గర కలిసిపోయి ఉంటాయి. అక్కడ ఏ అచ్చు ఎక్కడ ఆగాలో ఎవరు చెప్పాలి? పెళ్లి కార్డుల స్క్రీన్ ప్రింటింగ్‌లోనూ ఇదే చిక్కు.

ఆ వందల ఆకుపచ్చలు ఎక్కడి నుంచి వచ్చాయన్నది తెలుసుకోదగ్గ కథ. జేపెగ్ ప్రమాణం 1992లో వచ్చింది. దాని గుండెకాయ అయిన లెక్క అంతకంటే పాతది, దానిలో మనవాళ్ల చెయ్యి ఉంది. బెంగళూరులో పుట్టిన నాసిర్ అహ్మద్, టి. నటరాజన్, కామిశెట్టి రామమోహన్ రావు కలిసి 1974లో అమెరికాలో ప్రచురించిన పరిశోధన పత్రం అది. డిస్క్రీట్ కొసైన్ ట్రాన్స్‌ఫార్మ్ అని దాని పేరు. జేపెగ్ బొమ్మను ఎనిమిది గడుల వెడల్పు, ఎనిమిది గడుల ఎత్తు ముక్కలుగా కోస్తుంది. ఒక్కో ముక్కలో 64 పిక్సెళ్లు. ఈ లెక్కతో ఆ ముక్కలోని నెమ్మదైన మార్పులను ఒక పక్కకు, చటుక్కున మారే సన్న వివరాలను ఇంకో పక్కకు విడదీస్తుంది. తర్వాత ఆ సన్న వివరాలను మోటుగా సవరించి చాలావరకు వదిలేస్తుంది. దానితో పాటు రంగును కూడా పిసినారిగా దాస్తుంది: వెలుగునీడలు ప్రతి పిక్సెల్‌కూ ఉంచి, రంగు మాత్రం చాలాసార్లు నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకటే రాసుకుంటుంది. మనిషి కన్ను వెలుగులో తేడాను పట్టినంతగా రంగులో తేడాను పట్టదు కాబట్టి ఫోటోల్లో ఇది తెలియదు. నాగార్జున సాగర్ గేట్లెత్తినప్పుడు తీసిన ఫోటోను జేపెగ్‌లో దాస్తే, పదో వంతు సైజులోకి వచ్చినా ఆ నురగ అలాగే కనబడుతుంది. ఇంత గొప్ప ఉపాయం లేకపోతే ఫోన్లలో ఇన్ని ఫోటోలు ఉండేవే కావు. జేపెగ్‌ను తిట్టడం నా ఉద్దేశం కానే కాదు.

కానీ దానికి తెలుగు అక్షరం చూపించండి. పసుపు మీద ఎర్రటి అక్షరాలతో ‘శ్రీ లక్ష్మీ’ అని రాసి జేపెగ్‌గా దాచి, బాగా దగ్గరగా చూడండి. ‘క్ష్మీ’ దగ్గర కింద ఒత్తులు, పైన గుడిదీర్ఘం, గీతల మధ్య వెంట్రుకంత ఖాళీ. జేపెగ్ వదిలేసే సన్న వివరం సరిగ్గా ఆ ఖాళీయే. అక్కడ పసుపు, ఎరుపు కలిసి మట్టి రంగు మరక అవుతుంది. అక్షరం చుట్టూ దోమల్లాంటి చుక్కలు ముసురుతాయి. ఇంగ్లీషు పెద్దక్షరాలు నిటారు గీతలతో ఈ దెబ్బను కొంత తట్టుకుంటాయి. మన అక్షరాలు గుండ్రాలు, కింద ఒత్తులు, పైన తలకట్లు. ఎక్కువ నష్టం మనకే. పైగా జేపెగ్‌ను తెరిచి మార్చి సేవ్ చేసిన ప్రతిసారీ కోత మళ్లీ మొదలవుతుంది. పోయిన ఏడాది బతుకమ్మ ఫ్లెక్సీ జేపెగ్‌నే తెరిచి, తేదీ చెరిపి కొత్త తేదీ వేసి, మళ్లీ జేపెగ్‌గా దాచి, వచ్చే ఏడాది దాన్నే తెరిచే అలవాటు ఊళ్లలో బాగా ఉంది. తంగేడు పువ్వు పసుపు ముద్దగా మారడానికి కారణం మిషన్ కాదు.

అక్షరాలు, గీతలు, చదును రంగులు ఉన్న బొమ్మకు పీఎన్‌జీ వాడాలి. ఇది పుట్టడానికి కారణం ఒక పేటెంట్ గొడవ. 1987లో కంప్యూసర్వ్ అనే కంపెనీ జిఫ్ తెచ్చింది, అందులో వాడిన కుదింపు పద్ధతికి పేటెంట్ ఉందని యూనిసిస్ అనే ఇంకో కంపెనీ ముందుకొచ్చి డబ్బు అడగడంతో, ఎవరికీ కట్టనక్కర్లేని ఫార్మాట్ కావాలని కొందరు కూర్చుని పీఎన్‌జీ తయారుచేశారు. 1996లో అది ప్రమాణమైంది. జిఫ్‌కు 256 రంగులే, పీఎన్‌జీకి ఆ హద్దు లేదు. ఒక్క పిక్సెల్ కూడా పోగొట్టదు. వెనక ఖాళీని ఖాళీగానే ఉంచుతుంది. మహబూబ్‌నగర్‌లో ఏ స్కూలు బస్సు వెనకైనా చూడండి, పసుపు రంగు మీద స్కూలు లోగో చుట్టూ తెల్ల డబ్బా కనబడితే అది జేపెగ్ లోగో. అయితే పీఎన్‌జీలో ప్రింటింగ్ రంగుల పద్ధతి అయిన సీఎంవైకే ఉండదు, తెర కోసం చేసిన ఆర్‌జీబీ మాత్రమే ఉంటుంది. కాబట్టి ప్రెస్‌కు అది సరిపోదు. ఫోన్‌లో మెరిసిపోయిన చిలకాకుపచ్చ కాగితం మీద చప్పగా రావడానికి కూడా ఈ రెండు పద్ధతుల మధ్య తేడాయే కారణం. తెర వెలుగుతో రంగు చూపిస్తుంది, సిరా అంత వెలుగును ఇవ్వలేదు.

నేతకారులకు ఇక్కడొక ముఖ్యమైన మాట. గ్రాఫ్ డిజైన్లు కంప్యూటర్‌లో చేస్తున్నవాళ్లు, గద్వాల చీరల అంచులకు జకార్డ్ డిజైన్లు పెట్టేవాళ్లు వాటిని ఎప్పుడూ జేపెగ్‌గా దాచకండి. నాలుగు రంగుల డిజైన్ నాలుగు రంగులుగానే ఉండాలి. జకార్డ్‌లో గడి అంటే ఎత్తాల్సిన పోగు, అక్కడ ‘దాదాపు ఎరుపు’ అనేది లేదు. ఏ గడినీ మార్చకుండా దాచే బీఎంపీ గానీ పీఎన్‌జీ గానీ వాడండి. మాస్టర్ వీవర్ నుంచి నేతగాడికి వాట్సాప్‌లో ఫోటోలా పంపితే గడుల లెక్క తప్పుతుంది.

వాట్సాప్ మాట వచ్చింది కాబట్టి దాని గురించి ఆగి చెప్పాలి. ఫోటోగా పంపితే అది ఫోటోను చిన్నది చేసి, మళ్లీ జేపెగ్ కోత పెట్టి పంపిస్తుంది. 1,600 పిక్సెళ్ల వెడల్పుకు వచ్చిన ఫోటోను పది అడుగుల ఫ్లెక్సీ మీదికి లాగితే అంగుళానికి పదమూడు పిక్సెళ్లు వస్తాయి. ఒక్కో పిక్సెల్ దాదాపు రెండు మిల్లీమీటర్లు. హోర్డింగ్‌కు కాగితం ప్రింటింగ్‌లా అంగుళానికి 300 చుక్కలు అక్కర్లేదు, దూరం నుంచి చూస్తారు కాబట్టి 72 ఉన్నా ఎక్కువే. పదమూడు మాత్రం ముఖానికి చాలదు. అదే ఫోటోను డాక్యుమెంట్‌గా పంపితే వాట్సాప్ దాన్ని ముట్టుకోదు, ఉన్నది ఉన్నట్టు చేరుతుంది.

ఇది ఎక్కువ గుచ్చుకునేది చావు ఇంటివాళ్లకు. దశదినకర్మకు ఫ్లెక్సీ చేయించడానికి ఒక పిల్లగాడు వచ్చాడు. ఫోన్ నా ముందు పెట్టాడు.

“అన్నా, నాయన ఫొటో గిదొక్కటే ఉన్నది. పెద్దగ చెయ్యి.”

“గిది వాట్సాప్‌ల వచ్చింది తమ్మీ. అసలు ఫొటో ఎవరి ఫోన్ల తీసిండ్రు?”

“మా బావ ఫోన్ల. ఆయన దుబాయిల ఉన్నడు.”

“ఫోన్ చెయ్యి. డాక్యుమెంట్ లెక్క పెట్టమను, ఫొటో లెక్క పెట్టద్దను.”

బావ పంపాడు. అది ఐఫోన్ ఫోటో, హెచ్‌ఈఐసీ ఫైలు. ఐఫోన్లు 2017 నుంచి ఈ ఫార్మాట్‌లో దాస్తున్నాయి, చాలా షాపుల్లోని పాత విండోస్ కంప్యూటర్లు దీన్ని నేరుగా తెరవవు. మార్చుకోవాల్సి వచ్చింది. తెరిచాక పిల్లగాడు తెర దగ్గరికి వంగాడు. గ్రూపుల్లో తిరిగి తిరిగి వచ్చిన ఫోటోలో ఆయన నుదురు గడులు గడులుగా ఉంది, కళ్లు రెండు నల్ల మరకలు. ఇందులో నెరిసిన మాసిన గడ్డం వెంట్రుక వెంట్రుకగా కనిపించింది. చొక్కా జేబులో పెన్ను, దాని క్యాప్ మీద పగులు. ఆ పెన్ను చూసి పిల్లగాడు ఏడ్చాడు. ఊళ్లలో చాలామంది పెద్దవాళ్లకు మిగిలేది ఒకటో రెండో ఫోటోలు. వాటి అసలు ఫైళ్లు ఎవరి ఫోన్‌లో ఉన్నాయో ఇంటివాళ్లు ఇప్పుడే కనుక్కుని ఒకచోట దాచుకోవాలి. చావు రోజు వెతకాల్సిన పని కాదు.

ఇక పీడీఎఫ్. అడోబీ దీన్ని 1993లో తెచ్చింది, 2008లో అంతర్జాతీయ ప్రమాణమైంది. ఇది పెట్టెలాంటి ఫార్మాట్. వెక్టర్ పెడితే వెక్టర్‌గా ఉంటుంది, ఫోటో పెడితే ఫోటోగా ఉంటుంది. ఇక్కడే కస్టమర్లు మోసపోతున్నారు. జేపెగ్ బొమ్మను తీసి కోరెల్‌డ్రా పేజీ మీద పెట్టి, పీడీఎఫ్‌గానో సీడీఆర్‌గానో సేవ్ చేసి, ‘ఇదిగో ఓపెన్ ఫైలు’ అని ఇచ్చేవాళ్లు ఉన్నారు. ఫైలు పేరు చివర అక్షరాలు మారినంత మాత్రాన లోపల బొమ్మ మారదు. పరీక్ష సులువు. పీడీఎఫ్‌ను కంప్యూటర్‌లో తెరిచి పెంచుకుంటూ పోండి. అక్షరం అంచు ఎంత పెంచినా నున్నగా ఉంటే వెక్టర్. మెట్లు, మసక కనబడితే మీకు జేపెగ్‌ను కాగితంలో చుట్టి ఇచ్చారు.

తెలుగుకు ఇంకో అదనపు బెడద ఉంది, అదే ఫాంట్లు. మా షాపుల్లో ఏళ్లుగా నడుస్తున్నవి అను ఫాంట్లు. పాత సాఫ్ట్‌వేర్లలో యూనికోడ్ తెలుగు (అన్ని కంప్యూటర్లూ, ఫోన్లూ ఒకేలా గుర్తుపట్టే తెలుగు) పెడితే ఒత్తులు విడిపోయేవి, గుణింతాలు పక్కకు జరిగేవి. పని నడవాలి కాబట్టి అను, శ్రీలిపి లాంటివి అందరం వాడాం. వాటిలో ‘అ’ అని కనబడేది లోపల ఏదో ఇంగ్లీషు గుర్తు. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో సీడీఆర్ తెరిస్తే ‘నల్లగొండ’ స్థానంలో పిచ్చి గీతలు వస్తాయి. పైగా కొత్త కోరెల్‌డ్రాలో సేవ్ చేసిన ఫైలు పాత వెర్షన్‌లో తెరుచుకోదు. కాబట్టి ఓపెన్ ఫైలు ఇచ్చేటప్పుడు రెండు ప్రతులు ఇవ్వాలి: అక్షరాలు దిద్దుకోవడానికి వీలుగా ఉన్నది ఒకటి, అక్షరాలన్నీ కర్వులుగా మార్చి పాత వెర్షన్‌కు దించినది ఒకటి. కర్వులయ్యాక ఫాంట్‌తో పని లేదు, అక్షరం గీతలుగా మారి ఎక్కడైనా అలాగే ఉంటుంది. లోగో చేయించుకున్నవాళ్లు ఈ రెండింటితో పాటు పీడీఎఫ్ ఒకటి, వెనక ఖాళీగా ఉన్న పెద్ద పీఎన్‌జీ ఒకటి అడిగి తీసుకోండి. వాట్సాప్‌లో పంచుకోవడానికి జేపెగ్ ఎలాగూ ఉంటుంది.

నా తోటి డిజైనర్లు ఒప్పుకోరని తెలుసు. ‘ఫైలు ఇచ్చేస్తే మళ్లీ మన దగ్గరికి ఎందుకొస్తాడు? పక్క షాపుకు పోయి పేరు మార్చుకుని ప్రింట్ వేయించుకుంటాడు’ అంటారు. ఈ భయం ఊరికే వచ్చింది కాదు. మా ఊళ్లలో డిజైన్‌కు విడిగా డబ్బు ఇవ్వరు, చదరపు అడుగుకు ఫ్లెక్సీ రేటు ఇచ్చి డిజైన్ దానిలోనే కలిసిపోయిందనుకుంటారు. గంటల తరబడి గీసిన చేతికి విలువ లేనప్పుడు ఫైలును పట్టుకుని కూర్చోవడమే మిగిలిన పట్టు అనిపిస్తుంది. కానీ ఆ పట్టు వల్ల డిజైన్ రేటు ఎప్పటికీ పెరగదు. ఫైలుకు ధర చెప్పండి. లోగో ఇంత, ఓపెన్ ఫైళ్లతో కలిపి ఇంత అని బిల్లు మీద రెండు వరుసలుగా రాయండి. డిజైన్ అనేది విడి సరుకని కస్టమర్‌కు తెలిసేది అప్పుడే. ఫైలు చేతికిచ్చిన మనిషి మీ పేరు నలుగురికి చెప్తాడు. హార్డ్ డిస్క్ పోయినప్పుడు మీ పని బతికి ఉండేదీ అతని దగ్గరే.

ఇవ్వకూడనివీ ఉన్నాయి. కొనుక్కున్న పెళ్లి కార్డు టెంప్లేట్లు, డబ్బు కట్టిన ఫాంట్లు మనవి కావు, పంచిపెట్టే హక్కు మనకు లేదు. కస్టమర్ కోసం మన చేత్తో గీసినది మాత్రం వేరు. 1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటో, వేయించుకున్న పెయింటింగ్, పోర్ట్రెయిట్ లాంటివి, వేరే ఒప్పందం లేకపోతే, చేయించుకున్నవారివే. లోగో అని ఆ వరుసలో పేరు పెట్టి లేదు. హక్కు బదిలీ రాతపూర్వకంగా ఉండాలని 19వ సెక్షన్ చెబుతుంది. కాబట్టి ‘ఈ లోగో హక్కులు, ఓపెన్ ఫైళ్లు ఫలానా వారికి ఇచ్చాను’ అని బిల్లు మీద ఒక వాక్యం రాసి సంతకం పెట్టించుకోవడం ఇద్దరికీ మంచిది. రేపు ట్రేడ్‌మార్క్‌కు పెట్టుకునేటప్పుడు ఆ వాక్యం పనికొస్తుంది.

ఇంకొకటి, పాత షాపుల వాళ్లకు. నల్లగొండ, మహబూబ్‌నగర్, సూర్యాపేటల్లో ఊరి చరిత్రలు, గుడి కరపత్రాలు, కవుల చిన్న పుస్తకాలు, ఉద్యమం రోజుల పోస్టర్లు చాలావరకు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చేసినవే. పేజ్‌మేకర్ చివరి వెర్షన్ 7.0, అది 2001 నాటిది. ఆ ఫైళ్లను, దాని స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్ సీఎస్6 వెర్షన్ వరకు తెరిచేది, ఆ తర్వాతి వెర్షన్లు తెరవవు. ఆ పాత కంప్యూటర్, ఆ ఫాంట్లు, ఆ సాఫ్ట్‌వేర్ మూడూ కలిసి పనిచేస్తున్న షాపులు ఇప్పటికీ కొన్ని ఉన్నాయి. మీది అలాంటి షాపు అయితే, ఆ మిషన్‌ను పాత సామాన్లవాడికి వేసేముందు ఒక్కో ఫైలు తెరిచి, ఫాంట్లు లోపలే కలిసేలా పీడీఎఫ్ తీసి, ఎవరి పుస్తకం వాళ్లకు ఇవ్వండి. రాసినాయన లేకపోతే వాళ్ల పిల్లలకు ఇవ్వండి. ఈ పని చేసుకోలేక మధ్యలో ఆగిపోయినవాళ్లు పెన్‌డ్రైవ్‌తో నా దగ్గరికి రండి, నేను కూర్చుని తీసిస్తాను. దీనికి డబ్బులు తీసుకోను.